సగం రేటు సముద్రం

సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి పోయి, ఆ ఊళ్ళో ఒక పగలూ ఒక రాత్రీ ఉండి, సముద్రం చూడకుండా తిరిగొచ్చిన మనిషిని హిందూపురం బజారు మొత్తానికి నేనొక్కణ్ణే. అదీ సగం రేటుకి. ఆ రేటు సాధించడానికి ఎస్‌టీడీ బూత్‌లో నేను వాడిన కన్నడం, తీసిన నిట్టూర్పులు, మధ్యలో "అయితే వద్దులే" అని ఫోన్ పెట్టేయబోయిన తీరు వింటే మీరు లేచి నిలబడతారు. పాత స్నేహితులు అంగడికి వస్తే ఇప్పటికీ "ఆ లాడ్జి బేరం చెప్పప్పా" అని అడుగుతారు. బేరం దాకా చెప్పి ఆపేస్తాను. తర్వాతది ఎవరూ అడగరు, నేనూ చెప్పను.

మాది పరుపుల అంగడి. దూదేకులవాళ్ళం. మా తాత విల్లు భుజాన వేసుకొని రొద్దం, పరిగి పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి దూది ఏకినవాడు. నాయన కాలానికి ఆ తిరుగుడు ఆగి, బజారులో ఒక చిన్న అంగడి దొరికింది. నేను నడక నేర్చింది దూది కుప్పల మధ్యే. చదువు కూడా అక్కడే నేర్చానని చెప్పాలి. మా వ్యాపారంలో ఒక మోసం ఉంది: పైన వేలెడు మందం కొత్త దూది పరిచి, లోపల పాత రగ్గుల పీచు కుక్కుతారు. "కొనేవాడు నడిమధ్య చేత్తో నొక్కి మురిసిపోతాడు. నువ్వు మూల కుట్టు దగ్గర వేలు దూర్చి చూడల్ల. మనుషులైనా అంతేరా" అనేవాడు నాయన.

అప్పటినుంచి ఏది చూసినా దానికి మూల ఎక్కడుందా అని వెతకడం నాకు అలవాటైపోయింది. చిన్నప్పుడు బడిలో పరుగుపందెం గెలిస్తే ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను దాన్ని తిరగేసి అడుగు చూశాను. నిజంగానే పగులు ఉంది. అలాంటివి జీవితంలో ఒకటి రెండు నిజమైతే చాలు, మనిషి ఇక బాగుపడడు.

తొంభైల చివర్లో నాకు ధర్మవరం సంబంధం చూశారు. పిల్ల పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టేది. మగ్గాల వీధిలో అంగళ్ళవాళ్ళు చీరల మూట తెచ్చి ఇంట్లో వేసి పోతే, కొంగు చివర వదిలిన దారాలు విడదీసి, ముడులు వేసి, కత్తిరించి ఇచ్చేది. చూపుల రోజు మమ్మల్ని మాట్లాడుకోమని పెరట్లోకి వదిలారు. అడగాల్సినవన్నీ నేను దారి పొడుగునా మనసులో సర్దుకొని వచ్చాను. ఆమె ముందే నోరు తెరిచింది.

"నాకొకటి కావల్ల. ఇస్తావా?"

బంగారం అనుకున్నాను. "ఏందది?"

"సముద్రం చూడల్ల. పెండ్లాడినోనితో కలిసి చూడల్ల."

"సముద్రమేంది ఉన్నట్టుండి?"

"మా అక్క, బావ పోయొచ్చినారు. ఆడ అల వస్తే మా బావ చెప్పులు ఆడనే వదిలేసి పరిగెత్తినాడంట. ఇప్పుడు వాళ్ళు ఎంత కొట్లాడుకుంటాన్నా, మా అక్క 'చెప్పులు యాడ?' అంటాది. అంతే, ఇద్దరూ నవ్వుతారు. కొట్లాట ఐపోతాది. నాకూ అట్లాంటిదొకటి కావల్ల."

ఇంత చౌకగా అడిగిన పెళ్ళికూతురు మా చుట్టాల్లో లేదు. అయినా అడగ్గానే ఒప్పుకుంటే నేను మా నాయన కొడుకునే కాదు.

"దానికి అంత దూరమెందుకు? పెనుకొండ కోట ఉండాది. కిందనే చెరువు. నిండితే అదీ సముద్రం మాదిరే ఉంటాది."

"ధర్మవరం చెరువు కట్ట మీద పెరిగినదాన్ని నేను. నాకు చెరువు చూపిస్తావా?" అంది, పెరట్లో ఉన్న కోళ్ళకు కూడా వినపడేలా.

"సరేలే. సముద్రం ఒడ్డున కోట ఉండే ఊరికి పోదాం. రెండూ ఐతాయి."

ఆమె తలూపింది. ఒక ఖర్చుకి రెండు సరుకులు కొట్టేశానని నేను లోపల్లోపల పొంగిపోయాను. ఆమెకు కోట అక్కర్లేదన్న సంగతి నాకప్పుడు తట్టలేదు. అక్కర్లేని సరుకు కొసరుగా ఇచ్చి గెలిచామనుకోవడం మా బజారులో చాలామందికి ఉన్న జబ్బే.

పెళ్ళయ్యాక మా జేజిని, నాయన వాళ్ళమ్మను, చూడడానికి పెనుకొండ పోయినప్పుడు, అడ్వాన్సు కింద ఉంటుందని ఆమెను కోట గోడ మీదికి తీసుకుపోయాను. ఆ గోడలు ఊళ్ళోకీ, పొలాల్లోకీ ఎక్కడపడితే అక్కడ దూరిపోతాయి. ఒకచోట ద్వారం కింద బర్రెను కట్టేశారు. ఇంకోచోట గోడ మీద దుప్పట్లు ఆరేశారు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళ పునాదుల్లో ఆ రాళ్ళు ఉన్నాయో ఎవరూ చెప్పరు. ఒక కూలిన బురుజు మీద కూర్చొని ఆమె కిందికి చూసింది. ఎండిన పొలాలు, తుమ్మచెట్లు, రైలు కట్ట.

"ఈడ నిలబడి ఏం చూసేటోళ్ళో అప్పుడు?"

"ఎవరొస్తాండారో చూసేటోళ్ళు. వచ్చే ప్రతి ఒకడూ ముంచడానికే వస్తాండాడని నమ్మితేనే ఇంత గోడ కడతారు."

"అయితే మీ నాయన కట్టించింటాడు" అంది.

నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా అనిపించింది.

ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు కాబట్టి పరుపులు అడిగేవాడు లేడు. అటు ధర్మవరంలో చీరల అమ్మకాలూ పడిపోయాయి, కుచ్చుల పనీ లేదు. పోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదనుకున్నాను. చింతపండు మండీకి లారీ తోలే ఒకాయన, మంగళూరు దాటి ఇంకా కిందికి, కేరళలోకి పోతే గోడలు కట్టిన పాత ఊరొకటి ఉందని చెప్పి, అక్కడి లాడ్జి నంబరు ఇచ్చాడు. ఊరి పేరు రాయను. నేను అనుమానించిన మనుషులు అక్కడ ఇంకా బతికే ఉంటారు.

ఫోన్ చేస్తే లాడ్జి ఆయన "ఇప్పుడా?" అన్నాడు కన్నడంలో. ఇప్పుడే అన్నాను. మళ్ళీ "ఇప్పుడా వస్తారు?" అన్నాడు. గిరాకీ ఎక్కువున్నట్టు నటిస్తున్నాడని నాకు అర్థమైపోయింది. రేటు చెప్పాడు. సగానికి అడిగాను. సగానికి అడగడం మొదలుపెట్టడానికి మాత్రమే; అక్కడినుంచి ముప్పాతికకు రావడం లోకంలో ఉన్న పద్ధతి. ఆయన వెంటనే "సరే రండి" అన్నాడు.

రాత్రి నాయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"అడగ్గానే సగానికి ఒప్పుకున్యాడా?"

"నా బేరం అట్లుండాది నాయనా."

"రేయ్, సగానికి ఒప్పుకున్యాడంటే లోపల పీచుండాది. మూల చూసినావా?"

"ఫోన్లో మూల యాడుంటాది?"

ఆయన నన్ను చూసి తల పంకించి, అన్నం తిన్నాడు.

ఆ మూల ఎక్కడుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకు మాత్రం తోచలేదు. వాన వల్ల ఒక వస్తువు రేటు తగ్గుతుందని మా జిల్లాలో పుట్టిన ఏ మనిషికి తోస్తుంది? మా దగ్గర మబ్బు కమ్మితే అంగళ్ళవాళ్ళంతా బయటికొచ్చి నిలబడతారు. నాలుగు చినుకులు పడితే వేరుశనగ వేసినవాడి మొహం వెలుగుతుంది, వాడి మొహం వెలిగితే మా గల్లా వెలుగుతుంది. వాన మంచిది. ఎక్కువ వాన ఇంకా మంచిది. ఎవరైనా వానను తప్పించుకోవడానికి ఊరు మానుకుంటారంటే మేం నమ్మం.

బెంగళూరులో బస్సు మారి, ఘాట్ దిగేటప్పుడు వాన అందుకుంది. బస్సులో అందరూ అద్దాలు మూసుకుంటే మేమిద్దరం మాత్రం కిటికీలోంచి చేతులు బయటపెట్టి కూర్చున్నాం. "మన అదృష్టం" అంది ఆమె. నేను కూడా అంతే అనుకున్నాను. వెనక సీటాయన తడిసి తిట్టాడు. వాన విలువ తెలియని మనిషి అని జాలిపడ్డాను.

లాడ్జి గదిలోకి పోగానే పరుపు మూల వేలు దూర్చాను. దూది మంచిదే, కానీ నిండా చెమ్మ. చెమ్మ పట్టిన దూది వాసన నాకు పుట్టుకతో తెలుసు. ఆమె సంచీ కింద పెట్టకుండానే "సముద్రం యాడ?" అంది. కిందికి దిగి లాడ్జి ఆయన్ని అడిగాను.

"సముద్రం మూసేశారు" అన్నాడు.

"మూసేయడానికి అదేమన్నా అంగడా?" అన్నాను.

ఆయన ఓపికగా చెప్పాడు. ఒడ్డుకు పోయే దారికి అడ్డంగా తాడు కట్టారు. అలలు రోడ్డు మీదికి వస్తున్నాయి. పోలీసులు అటు ఎవరినీ పోనివ్వరు. ఇంకో రెండు నెలలు ఇంతే. చూడాలంటే కోట గోడ మీదినుంచి చూడొచ్చు, కానీ పోయిన వారం ఒకచోట గోడ కూలిందని మెట్ల దారికి గేటు వేశారు. "అందుకే ఇప్పుడా అని అడిగాను" అన్నాడు.

నేను నమ్మలేదు. గేటు మూసినవాడికీ, గేటు తెరిపించేవాడికీ, ఈయనకూ మధ్య ఏదో వాటా ఉంటుందనుకున్నాను. తాడు కట్టిన చోటికి స్వయంగా పోయి చూశాను. తాడు ఉంది. పోలీసు కూడా ఉన్నాడు. తాడు అవతల బూడిద రంగు పొగ, దాని వెనక ఏదో పెద్ద చప్పుడు.

"కోటకు పోదాం పా" అంది ఆమె. "గోడ దగ్గరన్నా నిలబడదాం."

గోడలు కట్టిన ఊరంటే పెనుకొండ లాగా ఉంటుందనుకున్నాను. ఇక్కడ రాయి ఎర్రగా, చీమలు తిన్న జొన్నరొట్టె లాగా నిండా బొరియలతో ఉంది. మా గోడలు ఎండకు పగిలితే, ఈ గోడలు నీళ్ళు తాగి ఉబ్బినట్లున్నాయి. పైనంతా పచ్చటి పాచి. రంగేసి పాతగా చేశారేమోనని గోటితో గీరి చూశాను. గోట్లో నిజం పాచే వచ్చింది. లోపల సందులు, పెంకుటిళ్ళు, తడి గోడలు. ఎటు పోయినా చివరికి ఆ ఎర్రగోడ అడ్డం వచ్చేది. గోడ అవతల సముద్రం కొడుతోంది. ఆమె రెండు అరచేతులూ గోడకు ఆనించి నిలబడింది.

"అదురుతాండాది. చెయ్యి పెట్టి చూడు."

"ఏదన్నా మిల్లేమో" అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపు మీకు చెప్పను.

మూసిన గేటు దగ్గర నల్ల గొడుగేసుకొని ఒక గైడు నిలబడి ఉన్నాడు. కన్నడమూ హిందీ కలిపి, వెనక వైపు బురుజు దగ్గరికి దారి తెలుసు, పైకి తీసుకుపోయి సముద్రం చూపిస్తానన్నాడు. ఏదో రేటు చెప్పాడు. నేను అందులో పావు వంతు అన్నాను. ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఆమె నా మోచేయి గిల్లింది. నేను ఆమె చెయ్యి పట్టుకొని వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాను.

ఇక్కడ మా బజారు పద్ధతి ఒకటి చెప్పాలి. బేరం కుదరకపోతే కొనేవాడు వెళ్ళిపోతాడు. నిజంగా వెళ్ళడు, వెళ్తున్నట్టు నడుస్తాడు. అంగడివాడు పిలుస్తాడు. మొదటి పిలుపుకు తిరగకూడదు. మొదటి పిలుపుకే తిరిగితే వీడికి సరుకు గట్టిగా కావాలని తెలిసిపోతుంది, రేటు కదలదు. నడుస్తూనే ఉండాలి. రెండో పిలుపు వస్తుంది. అందులోనే అసలు రేటు ఉంటుంది. నేను పుట్టినప్పటినుంచి అమ్మేవైపు, కొనేవైపు రెండు చోట్లా నిలబడి చూశాను. రెండో పిలుపు రాకపోవడమనేది లేదు.

గైడు మొదటిసారి కూడా పిలవలేదు.

సందు మలుపు దాకా నడిచి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి వెనక్కి చూశాను. ఆయన గొడుగు కింద బీడీ ముట్టించుకుంటూ ఇంకోవైపు చూస్తున్నాడు. మా బజారులో ఇలా జరిగితే ఆ అంగడివాడికి ఒంట్లో బాగా లేదని ఇంటికి కబురు పంపిస్తారు.

"పోయి ఆయనడిగింది ఇచ్చేయ్" అంది ఆమె.

"ఇప్పుడు వెనక్కి పోతే రేటు పెంచుతాడు."

"పెంచనీ. మనం వచ్చింది దానికే గదా?"

"నీకు తెల్దు. ఈళ్ళంతా ఒకటే."

వాన పెరిగింది. మలుపులో చిన్న కొట్టు కనపడితే గొడుగు కొన్నాను. తల మీద నీళ్ళు కారుతున్నవాడు బేరమాడలేడని నాకప్పుడే తెలిసింది. అడిగినంతా ఇచ్చాను.

సముద్రం వైపు గోడకు ఆనుకొని ఒక వరస ఇళ్ళున్నాయి. వాటికి వెనక గోడ విడిగా లేదు, కోట గోడే వాటి గోడ. ఒక ఇంటి అరుగు మీద ముసలాయన పనసగింజల పొట్టు తీస్తున్నాడు. మమ్మల్ని చూసి చేత్తో పిలిచాడు. అరుగు మీద నిలబడమన్నాడు. వయసులో ఉన్నప్పుడు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీలో పనిచేశాడట, కన్నడం వచ్చు. సముద్రం చూడ్డానికి వచ్చామని ఆమే చెప్పింది. ఆమె కన్నడం ధర్మవరం కన్నడం, అయినా ఆయనకు అర్థమైంది.

"మా వంటింటి వెనక మెట్లున్నాయి. గోడ మీదికి పోతాయి. పోయి చూడండి" అన్నాడు.

"ఎంత?" అన్నాను.

"ఏం లేదు. చూడండి."

ఏం లేదు అన్న మాట విని నాకు చెమటలు పట్టాయి. వందంటే యాభై అనగలను. యాభై అంటే పాతిక అనగలను. ఏం లేదు అంటే ఎక్కడినుంచి తగ్గించేది? ఊరికే ఇచ్చేవాడికి రేటు ఇంకోచోట ఉంటుంది. పైన ఎవడో కెమెరా పట్టుకొని కాచుకొని ఉంటాడు. లేదా ఎక్కడం ఊరికే, దిగడానికి రేటు చెబుతారు.

"అట్ల కాదు, చివరి మాట చెప్పండి" అన్నాను.

"దుడ్డు వద్దు" అన్నాడు ఆయన.

"వద్దంటే ఎట్ల? ఏదో ఒకటి చెప్పండి. తర్వాత మాట రాకూడదు."

ముసలాయన చేతిలోని గింజను పక్కన పెట్టాడు. మొహంలో నవ్వు పోయింది. "ఇది మా ఇల్లు" అన్నాడు నెమ్మదిగా. "కొట్టు కాదు."

"అయితే మాకొద్దులెండి" అని గొడుగు విప్పాను.

లోపలినుంచి ఆయన భార్య వచ్చింది. ఆమెకు కన్నడం రాదు. ఏం జరుగుతోందో మొహాలు చూసి గ్రహించినట్టుంది. నా వైపు చూడకుండా మా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను పోతాండా" అంది మా ఆమె. "వస్తే రా. లేకుంటే ఈడనే నీ గొడుగు కింద నిలబడు."

ఇద్దరూ లోపలికి పోయారు. అరుగు మీదినుంచి చూస్తే వంటిల్లు, దాని వెనక చీకట్లో ఎర్రరాతి మెట్లు కనపడ్డాయి. ఆమె తడిసిన చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని మెట్లెక్కడం చూశాను. పాదాలు మాయమయ్యాయి. లాడ్జిని నమ్మక వెంట తెచ్చిన సంచీ ఒళ్ళో పెట్టుకొని నేను కూర్చున్నాను. లెక్క ఏమిటంటే, ఇద్దరం పోతే సంచీకి దిక్కు లేదు.

కాసేపటికి పైనుంచి కేక వినిపించింది.

"ఏమయ్యా! ఇట్ల రా! తొందరగా రా!"

నేను లేవబోయాను. సగం లేచాను కూడా. లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానంటే, అది మొదటి పిలుపు.

ఇంత సూటిగా రాస్తే వెర్రితనంలా ఉంది. అప్పుడు అలా లేదు. వద్దని అందరి ముందూ చెప్పినవాణ్ణి. ఒక్క కేకకే పరిగెత్తితే ముసలాయన ముందు నా మాటకు విలువేముంటుంది? ఇంకోసారి పిలుస్తుంది. అప్పుడు "ఏందమ్మా నీ గోల" అని విసుక్కుంటూ పోతే, బతిమాలితే వచ్చినట్టుంటుంది. కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. పుట్టినప్పటినుంచి ఆగుతున్న కాళ్ళే.

ముసలాయన పాలు లేని టీ తెచ్చి నా పక్కన పెట్టాడు. "ఎంత?" అన్నాను, అలవాటుగా. ఆయన గింజల గిన్నె తీసుకొని లోపలికి పోయాడు.

రెండో పిలుపు రాలేదు. బదులుగా ఆమె నవ్వు వినిపించింది. ఆగకుండా, ఊపిరి అందనట్టు నవ్వుతోంది. దాని వెనకే ముసలామె నవ్వు. తర్వాత వాన ఒక్కసారిగా దబదబా కురిసి పెంకుల చప్పుడులో అన్నీ మునిగిపోయాయి. ఆమె దిగి వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళు మెరుస్తున్నాయి. నన్ను చూడగానే ఆ మెరుపు తగ్గింది.

"చూసినావా?"

"ఆ."

"ఎట్లుండాది?"

"పోయి చూసుకో పో."

నేను గొడుగు పక్కన పెట్టి లేచాను. ముసలాయన గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఉరుములు మొదలయ్యాయి, మెట్లు జారుతాయి, ఇప్పుడొద్దన్నాడు. నా మీద కోపంతో అన్నాడా, నిజంగానే అన్నాడా అని ఆ రాత్రంతా ఆలోచించాను. మర్నాడు తెల్లారేసరికి ఊరంతా నీళ్ళు. ఘాట్ మూసేస్తారని ఎవరో అంటే దొరికిన బస్సెక్కేశాం.

బస్సు ఘాట్ ఎక్కుతుండగా ఆమే అంది.

"పిలిస్తి గదా. ఏల రాలే?"

"ఒక్కసారే పిలిచినావు."

"ఏమంటివి?"

"ఒక్కసారే పిలిచినావంటాండా."

"మొగుణ్ణి ఎన్నిసార్లు పిలవల్ల?" అంది. ముందు సీట్లవాళ్ళు తెలుగు రాకపోయినా వెనక్కి తిరిగి చూశారు.

తర్వాతి సంవత్సరాల్లో ఫోమ్ పరుపులు వచ్చాయి. అంగడి ముందంతా అవే, దూది వెనక గదికి పోయింది. ఆ గదిలోనే ఆమె కుచ్చుల పని పెట్టుకుంది. ధర్మవరం నుంచి చీరల మూటలు వచ్చేవి, వీధిలో ఆడవాళ్ళు నలుగురు కూడేవాళ్ళు. మధ్యలో ఒక పరదా. వాళ్ళకు ఆమె సముద్రం గురించి చెప్పేది. నేను గల్లా దగ్గర కూర్చొని వినేవాణ్ణి.

ఒకరోజు అది పచ్చగా ఉండేది, నెమలికంఠం రంగు పట్టు మాదిరి. ఇంకోరోజు మా అమ్మకు చెబుతూ, నల్లగా, చూస్తే భయమేస్తాదంది. వాళ్ళక్క వచ్చినప్పుడు నీలం. ఒకే సరుకుకు మూడు రంగులు చెబితే ఏ అంగడివాడికైనా అనుమానం వస్తుంది. మాకు మళ్ళీ పోవడం కుదరలేదు. నేను ఎప్పుడు ఆ మాట ఎత్తినా ఆమె "నేను చూసినా గదా" అనేది. వాళ్ళక్క ఇంట్లో సముద్రం మాట ఎత్తితే కొట్లాట ఆగుతుంది. మా ఇంట్లో ఆ మాటతోనే మొదలవుతుంది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, బజారులో కుక్క కూడా తిరగని వేళ, పరదా తీసి అడిగాను. ఆమె ఒక్కతే ఉంది, ఒళ్ళో కొంగు.

"నిజం చెప్పు. ఏం రంగు?"

ఆమె దారం పళ్ళతో తెంపింది. "ఏ రంగూ లేదు. ఏమీ కనపడలే."

"కనపడకపోవడమేంది?"

"వాన. నువ్వు దూది ఏకేటప్పుడు గదంతా ఎట్లుంటాది, అట్ల తెల్లగా ఉండె. ఆ ముసలామె వేలెత్తి 'అదిగో, అదిగో' అని చూపిస్తానే ఉండె. నేను తలూపుతానే ఉంటి. నాకు నవ్వాగలే. ఇంత దూరమొచ్చి, తడిసి, గొడుగు కొని, గైడుతో కొట్లాడి... నువ్వొస్తే నీ మొకం చూడల్లని పిలిస్తి. ఆ తెల్లదాన్ని చూసి నువ్వేమంటావో వినల్లని."

"మళ్ళీ ఏల పిలవలే?"

"పిలిస్తే వస్తావని ఉంటే పిలిచేదాన్ని" అని, మళ్ళీ ముడి వేయడంలో పడింది.

నా నష్టం తగ్గించడానికి ఇప్పుడు కల్పించి చెబుతోందేమో అని ఒక అనుమానం వచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అడగలేదు.

లెక్క ఇది. బస్సులు పోను, రాను, ఇద్దరికీ పూర్తి చార్జీ. లాడ్జి సగం, ఆ చెమ్మ పరుపుకు అదీ ఎక్కువే. గైడుకు ఇవ్వకుండా మిగిల్చింది గొడుక్కి సరిపోయింది. టీకి వాళ్ళు ఏమీ తీసుకోలేదు. సముద్రం ఇద్దరికీ రాలేదు. గోడ మీద నవ్విన నవ్వు ఆమెకు వచ్చింది. అందులో సగం నాది. దానికి వంటింటి వెనక మెట్లెక్కితే చాలు. ఊరికే ఇచ్చారు, నేనే తీసుకోలేదు.